పక్కగాలికి కారు ఊగుతోంది: లోపం చేతుల్లోనా, టైర్లలోనా?

ప్రశ్న: నమస్తే సార్. మాది నిర్మల్. ప్రభుత్వ బడిలో టీచర్‌ని. మా పాప హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుతోంది. నేనే కారు నడుపుకుంటూ పోయి చూసొస్తుంటా. ఎత్తుగా, సన్నగా ఉండే చిన్న కారు, కొని ఆరేళ్లయింది. ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు. వానాకాలం మొదలైతే మాత్రం 44వ నంబర్ హైవే మీద 95, 100 అందుకోగానే ఎవరో పక్కనుంచి నెట్టినట్టు అవుతుంది. పోయేటప్పుడు ఎడమకు నెడుతుంది. వచ్చేటప్పుడు ఇంకో రకం: లారీని దాటీ దాటగానే ఒక్కసారిగా కుడికి, డివైడర్ వైపు విసిరినట్టు పోతుంది. మావారు నడిపితే ఇంత ఊగదు. ఆయన నెమ్మదస్తులు, 80 దాటరు. “స్టీరింగ్ గట్టిగా పట్టుకో, నీ చేతుల్లోనే ఉంది లోపం” అంటారు. మెకానిక్ వెడల్పు టైర్లు వేయించమన్నాడు. మా మరిది డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేసుకొని పొమ్మన్నాడు. టైర్లు పట్టు వదిలేసి బండి పల్టీ కొడుతుందేమోనని నా భయం. అసలు లోపం ఎక్కడుంది? (ఒక టీచర్, నిర్మల్)

జవాబు: టీచర్ గారూ, మీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గరే నాకు సగం సంగతి తెలిసిపోయింది. పోయేటప్పుడు ఎడమకు, వచ్చేటప్పుడు కుడికి అన్నారు. అలైన్‌మెంట్ తప్పినా, ఒక టైరు ఎక్కువ అరిగినా, ఒక చక్రానికి బ్రేకు పట్టేసినా బండి ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంది. హైదరాబాద్ పోతున్నామా, ఇంటికొస్తున్నామా అన్నది దానికి పట్టదు. మీ దారి ఒకసారి మ్యాపులో చూడండి. నిర్మల్, ఆర్మూర్, కామారెడ్డి, రామాయంపేట, తూప్రాన్, మేడ్చల్: దాదాపు ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువుగా దిగుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మన దగ్గర గాలి ఎక్కువగా పడమటిది. పోయేటప్పుడు అది మీ కుడి డోరుకు తగులుతుంది, వచ్చేటప్పుడు ఎడమ డోరుకు. నెట్టేది గాలే.

మా హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయే దారిలో ఈ బాధ తక్కువ. జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా ఆ రోడ్డు పడమటి వైపుకు పోతుంది కాబట్టి అదే గాలి చాలావరకు ఎదురొస్తుంది. బండి అంతగా ఊగదు, పెట్రోల్ మాత్రం బాగా తాగుతుంది. కరీంనగర్ వాళ్ల రాజీవ్ రహదారి ఈ రెంటికీ నడిమధ్య.

ముందు మీ భయం సంగతి చూద్దాం. మీ కారు ఖాళీగా 850 కిలోలు, మీతో, సామానుతో కలిపి 950 అనుకోండి. 100 మీద పోతుండగా గంటకు 30 కిలోమీటర్ల గాలి పక్కనుంచి కొడితే, ఆ సైజు కారు మీద పడే తోపు ఉజ్జాయింపుగా 70 కిలోలు. ఎవరో నెట్టినట్టు ఉంది అని మీరు రాసింది లెక్కకు కూడా సరిపోతుంది, ఒక మనిషి బరువంత తోపు అది. అయితే ఆ కారు పల్టీ కొట్టాలంటే దీనికి పది రెట్లు కావాలి. పొడి రోడ్డు మీద మంచి టైర్లు పక్కకు జారాలన్నా ఇంచుమించు అంతే కావాలి. వాన పడి ఆ పట్టు సగమైందనుకున్నా ఇంకా బోలెడు మిగులుంది. అరిగిన టైర్లతో నిలిచిన నీళ్లలోకి వేగంగా పోతే జారడం వేరే కథ, అది గాలి తప్పు కాదు. మీ టైర్లు పట్టు వదలడం లేదు. మీకు భయం పుట్టిస్తున్నది ఇంకోటి.

అదేమిటో చెప్తాను. ఆగి ఉన్న కారుకు పక్కగాలి కొడితే తోపు దాదాపు నడుమ మీద పడుతుంది. పరుగులో ఉన్న కారుకు అలా కాదు. 100 మీద పోయే కారుకు ఎదురుగా 100 గాలి దానంతట అదే పుడుతుంది. దానికి పక్కనుంచి వచ్చే 30 కలిస్తే, రెండూ ఏకమై ముక్కుకు ఒక 17 డిగ్రీలు పక్కగా వచ్చే ఒకే గాలి అవుతుంది. అది బానెట్ ముందు మూలను ఒరుసుకుని అవతలి పక్కకు తిరిగేటప్పుడు, ఆ అవతలి మూల దగ్గర గట్టిగా లాగుతుంది. అందువల్ల మొత్తం తోపు కారు బరువు కేంద్రం కంటే ముందుకు పడుతుంది. బరువు కేంద్రానికి ముందు నెడితే బండి పక్కకు జరిగి ఊరుకోదు, ముక్కు తిప్పుతుంది. పడమటి గాలికి ముక్కు తూర్పుకు తిరుగుతుంది.

బాణానికి ఇనుప ములికి ముందు, ఈకలు వెనక ఎందుకుంటాయి? బరువు ముందుండి, గాలికి దొరికే భాగం వెనక ఉంటే ఎటు గాలి కొట్టినా అది సూటిగా పోతుంది. మీ కారు కొంతవరకు తిరగేసిన బాణం. ఇంజన్ ముందుండటం ఒక్కటే దానికి ఆదరువు. ఇంజన్ వెనకున్న పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు పక్కగాలంటే పడదని ప్రపంచమంతా చెప్పుకున్నది ఇందుకే. 1950లలో జాగ్వార్ డి-టైప్ రేసు కారుకు డ్రైవరు తల వెనక నిలువుగా ఒక రెక్క లేచి ఉండేది, అది సోకు కోసం పెట్టింది కాదు, బాణానికి ఈకలు కట్టిన పనే.

ఇప్పుడు మీ మరిది గారి బియ్యం బస్తాల దగ్గరికి వద్దాం. బండి బరువెక్కితే గాలికి లొంగదన్న ఆలోచన పూర్తిగా తప్పేమీ కాదు, నలుగురు కూర్చున్న కారు ఒంటరి డ్రైవరు ఉన్న కారంత తేలిగ్గా పక్కకు పోదు. కానీ ఆ బరువు డిక్కీలో, వెనక ఇరుసుకు కూడా అవతల పడితే బరువు కేంద్రం వెనక్కి జరుగుతుంది. గాలి తోపుకూ ఆ కేంద్రానికీ దూరం పెరిగి, అదే గాలి ముక్కును ఇంకా సులువుగా తిప్పుతుంది. పైగా ముందు చక్రాల మీద, అంటే స్టీరింగుతో తిరిగే వాటి మీద, బరువు తగ్గుతుంది. బస్తాలు తప్పనిసరిగా తీసుకుపోవాల్సి వస్తే ముందు సీట్ల వెనక, కాళ్లు పెట్టుకునే చోట పడుకోబెట్టండి. టాపు మీద క్యారియర్ మాత్రం వద్దు, ఎత్తు మీద ఇంకొంత గాలికి అప్పగించినట్టే.

వేగం సంగతి. పక్కనుంచి పడే తోపు, ఇంచుమించుగా, కారు వేగాన్ని పక్కగాలి వేగంతో గుణిస్తే వచ్చే లెక్కను బట్టి పెరుగుతుంది. గాలిని మీరు తగ్గించలేరు. 100ను 80 చేస్తే తోపు ఐదో వంతు పోతుంది. ఇంతేనా అనిపిస్తుంది, కానీ వేగం ఇంకో చోట కూడా పని చేస్తుంది. గాలికి ముక్కు ఒక్క డిగ్రీ తిరిగిందనుకోండి. 100 మీద ఉంటే ఒక్క సెకనులో బండి దాదాపు అర మీటరు పక్కకు పోతుంది. హైవే లేను వెడల్పు 3.5 మీటర్లు, మీ కారు 1.6 మీటర్లు. సరిగ్గా మధ్యలో ఉన్నా అటూ ఇటూ మీటరు కూడా లేదు. అంటే రెండు సెకన్లు ఏమరుపాటుగా ఉంటే గీత మీదకు వచ్చేస్తారు. 80 మీద అదే డిగ్రీకి సెకనుకు 40 సెంటీమీటర్ల లోపే. తోపూ తగ్గింది, సర్దుకోవడానికి వ్యవధీ పెరిగింది. మీవారు నడిపితే ఊగకపోవడంలో రహస్యం ఇదే, ఆయన చేతుల్లో ప్రత్యేకంగా ఏమీ లేదు. ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి.

ఆయన ఇచ్చిన సలహా, స్టీరింగ్ గట్టిగా పట్టుకోమనడం, పనిని ఇంకా చెడగొడుతుంది. గాలి మొదటి ఊపు మాత్రమే ఇస్తుంది. తర్వాతవి చాలావరకు మన చేతులవే. బండి కుడికి పోయింది, ఉలిక్కిపడి ఎడమకు లాగాం, ఆ లాగడం బండికి అందేసరికి గాలి ఆగిపోయింది, ఇప్పుడు ఎడమకు ఎక్కువైంది, మళ్లీ కుడికి లాగాం. చేతులు బిగిస్తే ఒళ్లు ఊగిన ప్రతిసారీ చక్రం కూడా ఊగుతుంది. ఇప్పటి చిన్న కార్లకు ఉండే ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ చాలా తేలిక, చిన్న ఉలికిపాటు కూడా నేరుగా టైరుకు చేరుతుంది. రెండు చేతులూ గడియారంలో 9, 3 ఉండే చోట పెట్టి, మోచేతులు వదులుగా ఉంచి, చూపు బానెట్ మీద కాకుండా దూరంగా రోడ్డు మీద పెట్టండి. దూరం చూసే కంటికి బండి పక్కకు పోవడం ముందే తెలుస్తుంది, దిద్దుబాటు చిన్నగా ఉంటుంది. విసిరినట్టు అనిపించిన క్షణంలో బ్రేకు గట్టిగా తొక్కకండి, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త వదులు చేస్తే చాలు.

ఇక లారీ. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన పరిశీలన అదే. ఇంటికి వచ్చేటప్పుడు గాలి ఎడమనుంచి. మీరు తెలియకుండానే స్టీరింగును సన్నగా ఎడమకు పట్టి ఉంచుతారు, లేకుంటే బండి సూటిగా పోదు. ఆ స్థితిలో లారీ పక్కకు చేరారు. లారీ గోడలా అడ్డొచ్చి గాలి ఆగిపోయింది, కానీ మీ చేతులు ఇంకా ఎడమకే పట్టి ఉన్నాయి. బండి లారీ వైపుకు ఒరుగుతుంది. లారీ మింగేస్తుందేమో అనిపించేది అప్పుడే. మీరు సర్దుకుని నిటారుగా చేస్తారు. అంతలో లారీ క్యాబిన్ దగ్గరికి వస్తారు. అక్కడ రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: లారీ మూతి చీల్చుకుంటూ పక్కకు తోసే గాలి మిమ్మల్ని కుడికి నెడుతుంది, అప్పటిదాకా చాటున ఉన్న పడమటి గాలి కూడా మళ్లీ అదే కుడికి నెడుతుంది. సరిగ్గా మీరు రాసినట్టే, డివైడర్ వైపు. లారీ ఎంత పొడవైతే చేతులు అంతగా ఆ ప్రశాంతతకు అలవాటు పడి ఉంటాయి, దెబ్బ అంత పెద్దగా అనిపిస్తుంది. కంటైనర్లు, పత్తి బేళ్లు ఎత్తుగా కట్టిన లారీలు అందుకే ఎక్కువ హడలగొడతాయి.

దీనికి మందు ముందే తెలిసి ఉండటం. లారీ వెనక ఉండగానే దానికీ మీకూ మధ్య జాగా కొంచెం ఎక్కువ ఉండేలా మీ లేనులో సర్దుకోండి, అలాగని డివైడర్‌ను ఒరుసుకోవద్దు. క్యాబిన్ దాకా వచ్చేసరికి ఎడమకు చిటికెడు తిప్పడానికి చేతులు సిద్ధంగా ఉండాలి, తిప్పేది మాత్రం నెట్టు తగిలాకే. త్వరగా దాటేద్దామని 110 చేయకండి. నాలుగు లేన్ల జాతీయ రహదారి మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి ఎలాగూ 100, వేగం పెంచితే చాటునుంచి బయటపడే క్షణంలో తోపు ఇంకా పెద్దది. పోయేటప్పుడు ఇదే నాటకం తిరగబడుతుంది. మీరు ఎడమ లేనులో ఉండగా ట్రావెల్స్ బస్సు కుడినుంచి మిమ్మల్ని దాటితే, బస్సు పక్కన ఉన్నంతసేపు గాలి ఉండదు, అది ముందుకు పోగానే మళ్లీ కుడినుంచి గాలి తగిలి రోడ్డు అంచుకు నెడుతుంది. ఆ అంచున మన ఊళ్లవాళ్ల టూవీలర్లు పోతుంటాయి, వాళ్లనూ అదే గాలి నెడుతుంటుంది. బస్సు అద్దంలో కనిపించగానే అంచుకు జరిగిపోకుండా లేను మధ్యలోనే ఉండండి.

లారీలు లేని చోట కూడా ఈ చాటు, బయలు ఆట నడుస్తూనే ఉంటుంది. సోన్ దగ్గర గోదావరి వంతెన మీద ఏ అడ్డూ లేదు. ఆర్మూర్ గుట్టల బండల చాటునుంచి బయలు పొలాల్లోకి వచ్చే చోటు, ఎత్తుగా మట్టి పోసి కట్టిన రోడ్డు, ఫ్లైఓవర్ నెత్తి, ఇవన్నీ అంతే. కట్ట మీదకు ఎక్కే గాలి ఇంకా వేగం అందుకుంటుంది. జూన్‌లో దుక్కులు దున్ని పొలాలు బోడిగా ఉంటాయి కాబట్టి గాలికి అడ్డు లేదు. మొక్కజొన్న మనిషెత్తు పెరిగాక అదే రోడ్డు కొంత నెమ్మదిస్తుంది. ముందు ఏముందో కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది: తాటాకులు ఒకే వైపుకు తిరిగి ఉన్నాయా, దాబా ముందర జెండా చాచుకుని ఉందా, పొలంలో దుమ్ము రోడ్డుకు అడ్డంగా లేస్తోందా. ఏప్రిల్, మే నెలల గాలిదుమారానికి మాత్రం ఈ దిక్కుల లెక్క పనికిరాదు. మబ్బు కింద నుంచి దిగే గాలి ఎటునుంచైనా వస్తుంది, వాన చినుకు కంటే ముందే వస్తుంది. వాతావరణ శాఖ 40, 50 కిలోమీటర్ల ఈదురుగాలులని హెచ్చరించిన సాయంత్రం, ఎదుట నల్లగా కమ్ముకొస్తుంటే టోల్ గేటు దగ్గరో, పెట్రోల్ బంకులోనో బండి ఆపుకోవడం మేలు. చెట్టు కింద వద్దు.

ఇంత చెప్పినా బండిని అనుమానించడం మానొద్దు. ఆరేళ్ల కారు. గాలి లేని ఒక వేకువన అదే రోడ్డు మీద 90, 100 మీద నడిపి చూడండి. ముక్కుసూటిగా పోతే బండి బాగానే ఉన్నట్టు. అప్పుడు కూడా అటూ ఇటూ తిరుగుతుంటే టై రాడ్ ఎండ్లు (స్టీరింగును చక్రాలకు కలిపే కీళ్లు), లోయర్ ఆర్మ్ బుష్‌లు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీకి ఉండే రబ్బరు కీళ్లు), షాకర్లు, వెనక ఇరుసు బుష్‌లు చూపించి, ఆ తర్వాత అలైన్‌మెంట్ చేయించండి. వదులు బుష్‌ల మీద చేసిన అలైన్‌మెంట్ వారం కూడా నిలవదు. ముందు చక్రాలు కొద్దిగా బయటికి చూస్తున్నట్టు తప్పి ఉంటే గాలి లేకపోయినా బండికి నిలకడ ఉండదు, గాలి తోడైతే చెప్పనక్కర లేదు. స్టీరింగ్ చేతుల్లో గజగజ వణికితే అది వేరు, వీల్ బ్యాలెన్సింగ్ చేయిస్తే పోతుంది.

టైర్లలో గాలి మాత్రం ఇవాళే చూసుకోండి. చిన్న కార్ల టైర్లకు పక్క గోడ ఎత్తు ఎక్కువ. 155/80 టైరుకు (వెడల్పు 155 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 80 శాతం) అది 12 సెంటీమీటర్లు దాటుతుంది. లోపల గాలి తక్కువైతే ఆ గోడ మెత్తబడి, మీరు తిప్పాక బండి వినడానికి ఆలస్యమవుతుంది. చేతుల దిద్దుబాటు ఆలస్యంగా అందడమే ఊగులాటకు మూలమని పైన చెప్పాను కదా, ఈ మెత్తదనం దానికి తోడవుతుంది. గాలి కొంచెం తగ్గిస్తే రోడ్డు పట్టుకుంటుందని కొందరు చెప్తారు, వినకండి. ఎంత ఉండాలో డ్రైవరు డోరు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద ఉంటుంది, నిండా జనం ఎక్కినప్పటి అంకె వేరుగా ఇచ్చి ఉంటే ఆ రోజు అదే పట్టించండి. టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. 100 కిలోమీటర్లు నడిపి కామారెడ్డి బంకులో చూస్తే వేడికి పెరిగిన అంకె కనిపించి అంతా సరిగ్గా ఉందనుకుంటారు. టైరు గోడ మీద నాలుగంకెలు వెతకండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉంటే మార్చే కాలం దగ్గరపడింది.

మెకానిక్ చెప్పిన వెడల్పు టైర్లలో కొంత నిజం ఉంది. గోడ పొట్టిదైతే బండి త్వరగా వింటుంది. మీ మోడల్లోనే పై రకానికి కంపెనీ వేసే సైజు రిమ్ముతో సహా వేయించుకుంటే తేడా తెలుస్తుంది. అంతకు మించి పోవద్దు. లారీలు తొక్కి తొక్కి రోడ్డు మీద పడిన గాళ్లలో వెడల్పు టైరు అటూ ఇటూ లాగుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, గాలి తోపు మాత్రం గ్రాము కూడా తగ్గదు. డబ్బు పెట్టేదుంటే ముందు షాకర్ల మీద పెట్టండి.

ఇక ప్రయాణం వేళ. నేల ఎండకు వేడెక్కే కొద్దీ పైన ఉన్న వేగం గాలి కిందికి దిగుతుంది. అందుకే వానాకాలంలో కూడా పొద్దున ఆరింటికి మెల్లగా ఉన్న గాలి మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. పాపను చూసి అన్నం తిని రెండింటికి బయల్దేరితే ఎడమనుంచి కొట్టే గాలి బలంగా ఉండే వేళలోనే, లారీలు దాటుకుంటూ వస్తారు. సెలవు దొరికితే రాత్రి అక్కడే ఉండి తెల్లవారి బయల్దేరండి. అది కుదరని రోజున ఎడమ లేను, 80. నిర్మల్‌కు 200 కిలోమీటర్ల పైచిలుకు దారిలో మీకు అరగంట మించి ఆలస్యం కాదు.